బండి నిండేదాకా

ముందే చెప్పేస్తున్నాను, నాకు షేర్ ఆటోలంటే గిట్టదు. భద్రాచలం బస్టాండులో కంట్రోలరుగా ఉద్యోగం వెలగబెట్టి రిటైరైనవాణ్ణి నేను. మా బస్సులో సీట్లన్నీ ఖాళీగా ఉంటే, జనం దాని ముందు నుంచే నడుచుకుంటూ పోయి, ఆటోలో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని గోదావరి వంతెన అవతల ఉన్న మా సారపాక పోవడం ఏళ్ల తరబడి చూసి కడుపు రగిలినవాణ్ణి. అందుకే మా ఇంటి వెనక వాటాలో కిరాయికుండే ద్వాలి అనే ఆవిడ కొడుకు తుల్సీరాం షేర్ ఆటోల మీద పిహెచ్‌డీ చేస్తున్నాడని, అదీ వాటికి వ్యతిరేకంగా చేస్తున్నాడని తెలిసినప్పుడు వాడి మీద నాకు అమాంతం ప్రేమ పుట్టుకొచ్చింది.

తుల్సీరాం పుట్టింది కారేపల్లి అవతల ఒక తండాలో. తండ్రి పూల్‌సింగ్‌కు సారపాక కాగితం మిల్లులో జామాయిల్ కర్ర దించే కాంట్రాక్టు పని దొరికాక సంసారం ఇక్కడికి మారి మా వాటాలో దిగింది. పిల్లవాడు మాత్రం గురుకులం హాస్టళ్లలోనే పెరిగాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఒక సంగతి బుర్రలో పడిందంటే దాని అంతు చూసేదాకా అన్నం సహించదు. హైస్కూల్లో ఉన్నప్పుడు ఒకసారి సెలవులకు వచ్చి, బస్టాండులో నా కిటికీ ముందు నిలబడి, "సార్, జనం ఉన్నకాడ బస్సు ఆపరు, ఆపినకాడ జనం ఉండరు. ఎందుకు?" అని అడిగాడు. శ్రీరామనవమి రద్దీలో తల మునకలైన నేను "పోరా" అని గదమాయించాను. ఆ ప్రశ్నే పెరిగి పెద్దదై పిహెచ్‌డీ అయిందని వాడు ఇప్పటికీ అంటాడు. ఆ లెక్కన వాడి చదువులో నాకూ కొంత వాటా ఉన్నట్టే, నేనెప్పుడూ అడగలేదు గానీ.

వాడి పరిశోధన నాకు అర్థమైనంతవరకు ఇదీ. షేర్ ఆటో నిండితే గానీ కదలదు. అది నిండేదాకా ముందెక్కినవాళ్లు ఊరికే కూర్చుని ఉంటారు. అలా సారపాక, భద్రాచలం జనమంతా కలిసి ఎంత కాలాన్ని బూడిదలో పోస్తున్నారు, దానివల్ల పట్టణంలో పనులు, చదువులు, వైద్యం ఎంత దెబ్బ తింటున్నాయి అనేది తేల్చాలి. అది తేలితే, వేళకు కదిలే టౌను బస్సులు కావాలని గట్టిగా చెప్పొచ్చు. "నష్టకాలం" అని దానికి పేరు కూడా పెట్టుకున్నాడు. ఆ పేరు విన్న రోజు నేను స్వయంగా వాడికి కాఫీ కలిపి ఇచ్చాను. మా ఆవిడ నిర్మలాదేవి గుమ్మంలో నిలబడి, నాకేమైనా జ్వరం వచ్చిందా అన్నట్టు చూసింది.

చిక్కల్లా గడువుతోనే. యూనివర్సిటీ వాడికి ఒకసారి గడువు పెంచింది, ఇక పెంచదు. ఈ వేసవి సెమినార్లో సర్వే ఫలితాలు చూపించి పెద్దలను ఒప్పించకపోతే పేరు కొట్టేస్తారు. ఇన్నేళ్ల చదువూ గోదాట్లో కలిసినట్టే. అవతల పూల్‌సింగ్ చూస్తే, మిల్లు గేటు దగ్గర కనిపించిన ప్రతివాడికీ "మావోడు డాక్టర్ అయితుండు" అని చెప్పేశాడు. అప్పుడే ఒకరిద్దరు మోకాళ్ల నొప్పులంటూ తుల్సీరాం దగ్గరికి వచ్చారు కూడా. వాడు వాళ్లను కూర్చోబెట్టి, దవాఖానాకు ఏ బండిలో వెళ్తారు, ఎంతసేపు పడుతుంది అని శ్రద్ధగా కనుక్కుని పంపించాడు.

సర్వే మొదలుపెట్టే ముందు ఇంట్లోనే ఒకసారి ప్రయత్నించి చూద్దామనుకున్నాడు. ఆ రోజు మా ఆవిడ సత్తుపల్లిలో బంధువుల ఇంటికి బయలుదేరింది. పట్టుచీర కట్టుకుని, సంచి భుజాన వేసుకుని గేటు తీసేసరికి వీడు ట్యాబ్ పట్టుకుని ఎదురుగా నిలబడి, "ఆంటీ, ఎక్కడికి పోతున్నరు?" అన్నాడు.

నిర్మలాదేవి ఒక కాలు గేటు బయట, ఒక కాలు లోపల పెట్టి అలాగే ఆగిపోయింది. తర్వాత వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తెమ్మంది. తాగింది. కాసేపు గడియారం వంక చూసింది. "ఇక ఈ రోజు పోబుద్ధి కావట్లేదండీ" అని లోపలికి వెళ్లి చీర మార్చుకుంది. ఆ పూటకు హోటల్ బిర్యానీ తెప్పించుకుందామని ఆశపడ్డ నాకు మళ్లీ బీరకాయ పప్పే గతి అయింది.

"బయలుదేరిన మనిషిని ఎక్కడికి అని అడగకూడదని తెలియదూ నీకు? మీ అమ్మ చెప్పలేదా?" అని వాణ్ణి నిలదీశాను.

"ఎరుకనే సార్. మా యాడి ఇంట్ల ఎవ్వల్నీ గట్ల అడగనియ్యది," అన్నాడు. వాళ్ల భాషలో యాడి అంటే అమ్మ. "కానీ ఇది నేను అడుగుతలేను కద సార్, యూనివర్సిటీ అడుగుతున్నది."

"యూనివర్సిటీ అడిగితే అపశకునం కాదని ఎవరు చెప్పారయ్యా?"

"సర్వేల మొట్టమొదటి ప్రశ్న గదే సార్. రాజ్యశ్రీ మేడం హైదరాబాద్‌ల కూసోని ఫైనల్ చేసింది."

రాజ్యశ్రీ అంటే వాడి గైడు, పెద్ద ప్రొఫెసరు. వాడికి ఆవిడ మాట వేదం. ఇక నేను చెప్పి ప్రయోజనం లేదని ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున్నే సారపాక సెంటర్లో ఆటోల అడ్డా దగ్గర నిలబడ్డాడు. ఎదురుగా టీ కొట్టు బల్ల మీద పేపరు పట్టుకుని నేను కూర్చున్నాను. రిటైరయ్యాక నా డ్యూటీ అక్కడే. వరసలో మొదటి ఆటో వీరన్నది. దాదాపు నిండింది, ఇంకొక్కరు వస్తే కదులుతుంది. వీడు వెళ్లి ఒక్కొక్కరికీ నమస్కారం పెట్టి మరీ అడగడం మొదలుపెట్టాడు.

"ఎక్కడికి పోతున్నరు?"

ముందుగా ఒక పెద్దాయన దిగిపోయాడు. తెల్ల పంచె, కొత్త కండువా, చేతిలో పండ్ల సంచి చూస్తే చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది, కొడుక్కి పిల్లను చూడటానికి పోతున్నాడని. ఆయన టీ కొట్టుకు వచ్చి, నీళ్లడిగి తాగి, నా పక్కన కూలబడి, సంబంధం తప్పిపోయినట్టే నిట్టూర్చాడు. ఆయన వెనకే కోళ్ల బుట్ట పట్టుకున్న ఒకామె దిగింది. డిగ్రీ పరీక్షకు పోయే అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుని, నీళ్లు తాగి మళ్లీ బయలుదేరడానికి ఇంటికి పరుగెత్తింది. చూస్తుండగానే ఆటో ఖాళీ అయింది.

వీరన్న సీటు మీంచి వెనక్కి తిరిగి చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఓ తుల్సన్నా! నాతోని ఏం పగనే నీకు? పొద్దుగాలటి సంది ఒక్కొక్కల్ని బతిమిలాడి నింపిన. ఒక్క మాటతోని అందర్ని దించితివి కద!"

"దించలేదన్నా, రీసెర్చ్ చేస్తున్న."

"చేస్తే చెయ్యి! గా ఆర్టీసీ బస్సుల కాడ చేసుకోపో!"

ఆ మాటకు నేను పేపరు దించి వీరన్న వైపు కొరకొరా చూశాను.

ఆ వారమంతా అదే తంతు. చివరికి వీడు దూరంగా కనిపిస్తే చాలు, ఆటోలు సగం సీట్లతోనే కదిలిపోవడం మొదలుపెట్టాయి. షేర్ ఆటోను నిండకుండా కదిలించడం నా ఉద్యోగ జీవితంలో ఏ అధికారికీ సాధ్యం కాలేదు. ఈ కుర్రాడు ట్యాబ్ చూపించి సాధించాడు.

వచ్చినంతవరకు వివరాలు హైదరాబాద్ పంపించాడు. సాయంత్రం మా వరండాలో ఉండగా రాజ్యశ్రీ మేడం ఫోన్ చేసింది. వాడు నాకూ వినపడేలా స్పీకర్ పెట్టాడు.

"తుల్సీరాం, అద్భుతం! మనుషులు స్టాండుదాకా వచ్చి, ఆటో ఎక్కి కూడా, ప్రయాణం మానుకుని ఇంటికి వెళ్లిపోతున్నారు. ఎదురుచూపు భరించలేకే కదా? నష్టకాలానికి ఇంతకంటే రుజువేం కావాలి? సెమినార్లో ఇదొక్కటి చాలు నీకు."

నాకు సంతోషంతో ఒళ్లు తేలిపోయింది. ఒప్పేసుకో, ఒప్పేసుకో అని వాడికి చేతులతో సైగలు చేశాను. వాడు నా వైపు చూశాడు, ఫోను వైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు. "మేడం, వాళ్లు దిగింది ఎదురుచూడలేక కాదు. నేను ఎక్కడికి అని అడిగినందుకు దిగిండ్రు," అని చెప్పేశాడు. ఎందుకు దిగారో అదీ విడమరిచి చెప్పాడు.

"అయ్యో, మా అమ్మమ్మ కూడా అడగనిచ్చేది కాదు. ఎలా మర్చిపోయాను?" అంది మేడం. చేతికి అందిన పిహెచ్‌డీని వాడు తన నోటితోనే నేలపాలు చేసుకున్నాడని నాకు ఒళ్లు మండింది.

తర్వాత ప్రశ్న మార్చారు. ఎక్కడికి అనకుండా "ఎందాకా" అని అడిగితే దోషం లేదు, అది అందరికీ తెలిసిందే. కానీ ఆ ప్రశ్నకు జనం చెప్పే జవాబు కూడా అందరికీ తెలిసిందే. "గీడిదాంకనే." "గీ ముందటికే." రెండు సూట్‌కేసులు, దుప్పటి చుట్ట, ఆవకాయ జాడీ పట్టుకుని హైదరాబాద్ బయలుదేరిన కుటుంబం కూడా "గీ ముందటికే" అనే చెప్పింది. కొన్నాళ్లకు మేడం మళ్లీ ఫోన్ చేసి, "తుల్సీరాం, ఈ ముందట అనేది మ్యాపులో ఎక్కడుంది? జనాభా అంతా రోజూ అక్కడికే పోతోంది," అని అడిగింది. వాడు ఆ రాత్రి అన్నం తినలేదని ద్వాలి మా ఆవిడతో చెప్పుకుని బాధపడింది.

దారి చూపించింది మా ఆవిడే. "పోయేవాళ్లను ఎందుకురా అడగడం? వచ్చి దిగేవాళ్లను ఎక్కడి నుంచి వస్తున్నారని అడుగు. దానికి ఏ దోషమూ లేదు," అంది. వాడు ఎగిరి గంతేశాడు.

పోయేటప్పుడు నోరు విప్పని జనం వచ్చేటప్పుడు ఆపమన్నా ఆపరు. కోళ్ల బుట్ట ఆమె తన కోళ్లకు భద్రాచలంలో ఎవరెవరు ఎంత తక్కువకు బేరమాడారో, దానికి తన ఆడబిడ్డ ఎలా కారణమో చెబుతూ వాడి వెంట టీ కొట్టుదాకా వచ్చింది. వాడు ఓపిగ్గా విని, పని, చదువు, వైద్యం, బజారు, గుడి అని వాడి ట్యాబ్‌లో ఉన్న వాటిలో ఏదో ఒకటి నొక్కేవాడు. ఆటోలో ఎంతసేపు కూర్చున్నారో అడిగి నష్టకాలంలో కలిపేవాడు. నష్టం దండిగా పెరుగుతోంది. సెమినార్ దగ్గర పడుతోంది. వాడి ముఖంలో కళ వచ్చింది, నాకైతే కళ్ల ముందు టౌను బస్సులు తిరుగుతున్నాయి.

ఒక మధ్యాహ్నం వీరన్న ఆటో వచ్చి ఆగింది. తుల్సీరాం ట్యాబ్ మీంచి తల ఎత్తకుండానే, "ఎక్కడి నుంచి వస్తున్నరమ్మా?" అన్నాడు. తల ఎత్తి చూస్తే ద్వాలి.

ఆమె నవ్వింది. "భద్రాచలం కెల్లి," అంది, నేనూ పక్కనే ఉన్నానని కాబోలు తెలుగులోనే.

"ఏం పని మీద పోయినవ్ యాడీ?"

"పనేం లేదు."

వాడి ముఖం మారింది. ద్వాలి అప్పుడప్పుడూ సంచి పట్టుకుని బయటికి పోతుందని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఎక్కడికని అడిగే ఆచారం ఆ ఇంట్లో లేదు గనక ఎవరూ అడగలేదు. బజారుకని తండ్రీ కొడుకులు అనుకున్నారు. ఇప్పుడు చూస్తే సంచి ఖాళీగా ఉంది. "దవాఖానాకు పోయినవా? ఏమైంది నీకు? నాకు చెప్పు," అంటూ వాడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నాకూ భయం వేసింది.

"దవాఖానా లేదు, ఏం లేదు. ఊకెనే పోయిన. ఈడ ఆటోల కూసుంట. నిండినంక వంతెన దాటుతది. ఆడ దిగి ఇంకో ఆటోల కూసుంట. అది నిండేదాంక కూసోని మల్ల వస్త."

"మరి ఆడ ఏం చేస్తవ్?"

"చెప్పిన కద. కూసుంట."

"కూసునేటందుకు భద్రాచలం పోవాల్నా? ఇంట్ల కూసోరాదా?"

ద్వాలి వాడి చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసుకుంది. "ఇంట్ల కూసుంటే నువ్వు చాయ్ అడుగుతవ్. మీ నాయిన సద్ది కట్టమంటడు. నల్లా వచ్చిందంటరు, గ్యాస్ బండి వచ్చిందంటరు. ఆటోల కూసున్న ఆడిదాన్ని లెవ్వు అనేటోడు ఎవ్వడు లేడు బిడ్డా. బండి నిండలేదు, నేనేం చెయ్యాలె? కూసుంట."

అంతలోనే పొయ్యి మీదికి ఆలస్యమవుతోందని గుర్తొచ్చి గబగబా ఇంటి దారి పట్టింది.

వీరన్న ఆటో తుడుచుకుంటూ అన్నాడు. "మీ అమ్మది వెనక మూల సీటు. జల్దీ నిండితే నారాజ్ అయితది. ఒక్క మీ అమ్మనే అనుకుంటున్నవా తుల్సన్నా? నా బండ్ల గసుంటోళ్లు శానమంది."

తుల్సీరాం వచ్చి నా బల్ల మీద కూర్చున్నాడు. "సార్, యాడి కూసున్నదంతా నేను నష్టకాలంల కలపాలె ఇప్పుడు."

"కలుపు."

"అది నష్టం ఎట్ల అయితది సార్?"

సెమినార్ ముంగిట్లో ఈ తిక్క ప్రశ్నలేమిటని చెడామడా తిట్టాను. ట్యాబ్‌లో ఇతరాలు అన్నదాంట్లో పడేసి ఊరుకోమన్నాను. మీ నాన్న ఊరంతా టముకు వేసుకున్నాడు, ఆ ముసలాయన ముఖం చూడమన్నాను. వాడు వినలేదు. మళ్లీ అడ్డా మీద నిలబడి, దిగిన ఆడవాళ్లను కొత్తగా అడగడం మొదలుపెట్టాడు. మిల్లు క్యాంటీన్లో గిన్నెలు తోమే ఆమె, అంగన్‌వాడీ టీచరు, కూతురి ఇంటికి వచ్చి మనవల్ని సాకుతున్న ఒక పెద్దావిడ, గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి, అదే మాట చెప్పారు. బండి ఆలస్యం చేసిందని ఇంట్లో చెబుతారట. వాడు ట్యాబ్‌లో "కూర్చోవడానికి" అని కొత్తగా ఒకటి చేర్చాడు. అది నొక్కిన కొద్దీ నష్టకాలం తరిగిపోతూ వచ్చింది, నా టౌను బస్సులు ఒక్కొక్కటే మాయమయ్యాయి. నేను వాడితో మాట్లాడటం మానేశాను. మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది.

సెమినార్ ఆన్‌లైన్లో పెట్టారు. ఇంటర్నెట్ ఉన్నది మా ఇంట్లోనే గనక, మాటలున్నా లేకపోయినా మా హాల్లోనే లాప్‌టాప్ పెట్టుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పూల్‌సింగ్‌కు మిల్లులో డ్యూటీ. కొడుకు డాక్టరు కావడం చూడాలని ద్వాలి వచ్చి మా ఆవిడ పక్కన కుర్చీ అంచున కూర్చుంది. తెరమీద చిన్న చిన్న గళ్లలో రాజ్యశ్రీ మేడం, ఇంకొందరు, మధ్యలో బయటి యూనివర్సిటీకి చెందిన పరీక్షకుడు. తెల్ల జుట్టు పెద్దమనిషి, తెలుగాయనే. ఆయన ఒప్పుకుంటేనే పని అవుతుందట.

తుల్సీరాం చెప్పినంతసేపూ ఆయన ముఖం చిట్లించుకునే ఉన్నాడు.

"ఏమయ్యా, మొదట నష్టకాలం అన్నావు. ఇప్పుడు అందులో చాలా భాగం నష్టమే కాదంటున్నావు. ప్రయాణం దేనికయ్యా అంటే కూర్చోవడానికి అంటున్నావు. ఇది పరిశోధనా, పిచ్చాపాటీనా? పని లేకుండా బండిలో ఊరికే కూర్చునేవాళ్లు ఉంటారా ఎక్కడైనా?"

"మా యాడి కూసుంటది సార్," అన్నాడు తుల్సీరాం. ఏదో గడిలో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజ్యశ్రీ మేడం తల దించుకుంది. అయిపోయింది అనుకున్నాను. ఆ క్షణంలో నాకు ఆటోల మీద కోపం గుర్తు రాలేదు, బస్సులూ గుర్తు రాలేదు. నిజం చెప్పినందుకు పిల్లవాడి చదువు పోతోందన్నదొక్కటే తోచింది.

ద్వాలి మాత్రం కొడుకును చూడటం లేదు. ఇందాకటి నుంచీ కుర్చీలోంచి ముందుకు వంగి పరీక్షకుణ్ణే చూస్తోంది. ఏమిటా అని నేనూ చూశాను. ఆయన భుజం మీంచి నల్లటి బెల్టు అడ్డంగా ఉంది. తల వెనక సీటు, పక్కన అద్దం. కారులో కూర్చుని మాట్లాడుతున్నాడు. కారు కదలడం లేదు. అద్దంలోంచి ఒక ఇంటి గేటు, గేటు మీద పాల ప్యాకెట్ల సంచి కనిపిస్తున్నాయి.

ఆమె లేచి లాప్‌టాప్ దగ్గరికి వచ్చి, తోటి ప్రయాణికుణ్ణి పలకరించినట్టు అడిగింది.

"సారూ, మీ బండి ఇంకా నిండలేదా?"

ఆ పెద్దమనిషి తన బెల్టు వైపు చూసుకున్నాడు. "సార్, ప్రయాణంలో ఉన్నారా? చెబితే రేపు పెట్టుకునేవాళ్లం కదా," అంది రాజ్యశ్రీ మేడం కంగారుగా. "లేదు లేదు. మా ఇంటి ముందే ఉన్నాను," అన్నాడాయన. అని, తల పక్కకు తిప్పి ఆ గేటు వైపు చాలాసేపు చూశాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"లేదమ్మా," అన్నాడు ద్వాలితో. "ఇంకా నిండలేదు."

తర్వాత కళ్లజోడు తుడిచి పెట్టుకుని, కూర్చోవడం గురించి రాసిన భాగం మళ్లీ మొదటి నుంచి, తొందర లేకుండా చదవమని తుల్సీరాంకు చెప్పాడు.